వదిన వెనక వాయిస్తే

ఆ రోజు అంబులెన్సుకి పంక్చరు పడకపోయి ఉంటే డ్రైవరు హాయిగా ఇంటికెళ్ళి నిద్రపోయేవాడు. వాళ్ళింట్లో మిగతావాళ్ళు కూడా మరికొన్నేళ్ళు హాయిగా నిద్రపోయేవాళ్ళు.

పేషెంటుని ఆసుపత్రిలో అప్పగించి ఖాళీ బండితో తిరిగొస్తుంటే వెనక టైరు గాలి దిగిపోయింది. మెల్లగా లాక్కొచ్చి టైర్ల షాపు ముందు ఆపాడు. పనివాళ్ళు జాకీ పెట్టి చక్రం ఊడదీస్తుంటే టీ గ్లాసు పట్టుకుని గోడ నీడన నిలబడ్డాడు. అప్పుడు పై అంతస్తు కిటికీలోంచి ఒక చప్పుడు కిందికి దూకింది.

రేకుల కప్పు మీద వడగళ్ళు పడ్డట్టుంది. కాని వడగళ్ళు అంత పొందిగ్గా పడవు. ఒక్కోటీ విడిగా వినిపిస్తూనే అన్నీ కలిసి ఒకే పాటై పరిగెడుతున్నాయి. డ్రైవరు గ్లాసు కింద పెట్టడం కూడా మరిచిపోయి మెట్లెక్కేశాడు.

పైన పాత టైర్ల దొంతరల మధ్య ఖాళీ చేసుకుని నలుగురు గుండ్రంగా కూచున్నారు. గిటారు పట్టుకుని పాడుతున్నది షాపు యజమానే. పక్కన మాండలిన్‌తో పళ్ళ డాక్టరమ్మ, ఫిడేలుతో పోస్ట్‌మాన్. నాలుగో మనిషి జుట్టు నెరిసిన పెద్దాయన. ఆయన ఒళ్ళో పొడుగాటి మెడ తగిలించిన డప్పులాంటి వాయిద్యం, దాని మీద తీగలు. కుడిచేతి వేళ్ళకి గోళ్ళలాంటి తొడుగులు పెట్టుకున్నాడు. కదులుతున్నవి మూడు వేళ్ళే. జరుగుతున్నది మాత్రం ముప్పై వేళ్ళ పని.

దాన్ని బాంజో అంటారనీ, ఆ సంగీతాన్ని బ్లూగ్రాస్ అంటారనీ, పెద్దాయన లిఫ్టులు బాగుచేస్తాడనీ, అందరూ ఆయన్ని బాబాయ్ అని పిలుస్తారనీ చక్రం బిగించేలోపు తెలుసుకున్నాడు. ఇంకో సంగతి ఎవరూ చెప్పకుండానే తెలిసింది. ఇది తనకి కావాలి.

అతనిది చిత్రమైన ఉద్యోగం. రోజూ ఎవరి కథలోనో సగంలో దూరతాడు. పక్షవాతం వచ్చిన ముసలాయన, నొప్పులు పడుతున్న అమ్మాయి, పరంజా మీంచి జారిపడ్డ మేస్త్రి. రోడ్డంతా దారివ్వగా తీసుకుపోయి ఆసుపత్రి గుమ్మంలో అప్పగిస్తాడు. ఆ తర్వాత ఏమైందో ఎవరూ చెప్పరు, అడిగేంత తీరికా ఉండదు. ఆ మేడ మీద మాత్రం ఒక పాట మొదలవుతుంది, నలుగురి చేతుల్లో తిరుగుతుంది, కళ్ళముందే ముగుస్తుంది. ఆ గుండ్రంలో తనకో కుర్చీ ఉంటే చాలనిపించింది. ఆ కోరిక మొదట్లో చిటికెడే. ఏడాది తిరిగేసరికి వేరే ధ్యాస లేకుండా పోయింది.

పాత బాంజో ఒకటి కొన్నాడు. ఆదివారాలు బాబాయ్ దగ్గర కూచుని బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు వరసగా దొర్లించడం నేర్చుకున్నాడు. ఆ వాయిద్యానికి నాలుగు తీగలు పద్ధతిగా మెడ చివర్నుంచి వస్తాయి. ఐదోది మెడ మధ్యలో ఎక్కడో మొదలవుతుంది. పెళ్ళికి ఆలస్యంగా వచ్చి అందరికంటే గట్టిగా మాట్లాడే చుట్టంలాంటిదది. దాన్ని అదుపులో పెట్టేసరికి తల ప్రాణం తోకకి వచ్చింది. కాని అతని వేళ్ళలో ఏదో ఉంది. ఒకసారి లొంగాక అవి ఇక ఆగలేదు. అతను మెట్లెక్కుతుంటేనే పళ్ళ డాక్టరమ్మ, సైరన్ వస్తున్నాడు, దారివ్వండి అనేది. ఆ పేరే స్థిరపడిపోయింది.

ఇంట్లో తెచ్చుకున్న పేరు వేరే. అన్నయ్య లెక్కల మాస్టారు. పరీక్ష పేపర్లు దిద్దుతూ, ఈ మోతలో తాను ఇప్పటికే ఇద్దరు ఫెయిలవ్వాల్సిన పిల్లల్ని పాస్ చేశానని గోల పెట్టేవాడు. పక్కింటాయన మర్యాదగా వచ్చి, మీరు డబ్బాలు చేసే పని ఏమైనా మొదలెట్టారా అని వాకబు చేశాడు. వదిన కోర్టులో స్టెనో. పగలంతా సాక్షుల మాటలు షార్ట్‌హ్యాండ్‌లో రాసి రాసి వచ్చి, వరండాలో కూచుని కాసేపు నిశ్శబ్దం తాగాలని ఆశపడే మనిషి.

"దానికేమైనా జబ్బు చేసిందా బాబూ? పాపం, మీ బండిలోనే ఆసుపత్రికి తీసుకుపోరాదూ," అంది ఒకరోజు.

అలా అందే కాని, బాంజో వెనక డొల్లలో మడతపెట్టిన తువ్వాలు కూరితే మోత సగం చస్తుందని కనిపెట్టింది కూడా ఆవిడే. తువ్వాలు కూరడానికి దగ్గరికొచ్చిన మనిషి, ఆ వేళ్ళు ఎలా తిరుగుతున్నాయో చూస్తూ అక్కడే ఉండిపోయింది.

బ్లూగ్రాస్‌లో డ్రమ్ము ఉండదు. పాట మధ్యలో ఒక్కొక్కరికీ వంతు వస్తుంది. ఆ వంతులో వాళ్ళు ముందుకొచ్చి వరస వాయిస్తారు. మిగతావాళ్ళు వెనక తాళం నిలబెట్టాలి. ఎడమచేతి వేళ్ళతో తీగల మీద ఒక పట్టు, గిటారువాళ్ళు కార్డ్ అనేది, పట్టి, అడుగుకీ అడుగుకీ మధ్య ఛక్, ఛక్ మని చిన్నగా కొట్టి అణిచెయ్యాలి. ఆ ఛక్కులే డ్రమ్ము. ఇంట్లో ఒక్కడివే సాధన చేస్తే లాభంలేదు, వెనక ఎవరైనా ఉండాలని బాబాయ్ చెప్పాడు. అప్పటికి సైరన్ కాస్త మంచి బాంజో కొనుక్కున్నాడు. పాతది అటక మీద ఉంది. దాన్ని దింపి వదిన ఒళ్ళో పెట్టి మూడు పట్లు చూపించాడు.

వదిన పట్టుకుంది. వంటింట్లో కుక్కరు కూతలకి మధ్య, కోర్టుకి బయల్దేరేముందు, రోజూ కాసేపు. ఒక్క పాట కూడా నేర్పమని అడగలేదు. తీగల వంక చూసేది కాదు, మరిది చేతి వంకే చూసేది. ఇతను వరస అందుకుంటే ఆవిడ వెనక ఛక్, ఛక్. అంతే.

ఆ వెనకపాటు తోడైనప్పట్నుంచీ సైరన్ వేళ్ళకి రెక్కలొచ్చాయి. ఏ పాట ఎత్తుకున్నా నున్నటి తారు రోడ్డు మీద బండి పోయినట్టు పోయేది. ఒక్క తడబాటు లేదు. తన తాళం గడియారంలాంటిదని అతనికి నమ్మకం కుదిరింది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

*

లిఫ్టు బాబాయ్‌కి వేళ్ళు తిమ్మిరెక్కడం మొదలైంది. స్పానరు పట్టుకుంటే పర్వాలేదు కాని తీగ మీద బొటనవేలు ఎక్కడుందో తెలియట్లేదన్నాడు. ఆపరేషన్ చెయ్యాలట, చేశాక కూడా పాత వేగం రాదట. ఆ మాట ఆయన లిఫ్టు రిపేరు గురించి చెప్పినట్టే చెప్పాడు. విన్న నలుగురూ వాయిద్యాలు కింద పెట్టారు.

గుండ్రంలో బాంజో ఒక్కటే ఉండాలి. రెండుంటే సంతలో ఇద్దరు గయ్యాళులున్నట్టని వాళ్ళ లెక్క. లైబ్రరీ హాల్లో ఏటా ఇచ్చే కచేరీ దగ్గర పడుతోంది. సైరన్ అప్పటిదాకా బయటి వరసలో కూచుని మెల్లగా వాయించేవాడు. బాబాయ్ అతన్ని పిలిచి తన కుర్చీ చూపించాడు. వచ్చే ఆదివారం దాంట్లో కూచుని వాయించమన్నాడు. కుదిరితే కుర్చీ నీదే, కుదరకపోతే ఊళ్ళో ఇంకెవరినైనా వెతకాలి.

ఆ వారమంతా సైరన్ నేల మీద నడవలేదు.

ఆదివారం వచ్చింది. కుర్చీలో కూచున్నాడు. టైర్ల షాపాయన పాట ఎత్తుకున్నాడు. మొదటి చరణం బాగానే గడిచింది. పళ్ళ డాక్టరమ్మ మాండలిన్ వంతు ముగించి, నీదే అన్నట్టు ఇతని వంక గడ్డం ఎత్తింది. సైరన్ దూకాడు.

సగం వంతులోనే ఏదో తేడా తెలిసింది. వెనక ఛక్కులు తన కాళ్ళ కింద లేవు. అవి ఎక్కడో వెనక, ఎవరి దారిన వాళ్ళు పోతున్నట్టున్నాయి. వాళ్ళని అందుకోవడానికి ఆగబోయాడు. ఆగేసరికి వేళ్ళు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఐదో తీగ ఒంటరిగా టింగుమంది. పాట ఆగిపోయింది.

అక్కడ ఎవరు తప్పు వాయించినా పట్టించుకోరు. పాట ఆపడం మాత్రం పెద్ద నేరం. ఆపినవాడు అందరికీ టీ తేవాలి. మళ్ళీ ఎత్తుకున్నారు. మళ్ళీ అదే చోట, అదే తీరుగా పడ్డాడు. మూడోసారికి పోస్ట్‌మాన్, ఇవాళ టీకి కొదవలేదని నవ్వబోయి, ఇతని మొహం చూసి మానేశాడు.

ఆడలేనమ్మ మద్దెల ఓడన్నట్టు సైరన్ కూడా మెట్ల దగ్గర బాబాయ్‌ని పట్టుకుని, తప్పు తనది కాదన్నాడు. వాళ్ళు ఈడుస్తున్నారు. ఇంట్లో ఎప్పుడూ ఇలా కాలేదు. కావాలంటే రుజువు తెస్తాను.

తెచ్చాడు కూడా. మర్నాడు పొద్దున్నే ఫోను పక్కన పెట్టి, వదినతో కలిసి అదే పాట మొదట్నుంచి చివరిదాకా వాయించి రికార్డు చేశాడు. ఒక్క పొల్లు పోకుండా వచ్చింది. డ్యూటీ మధ్యలో వెతుక్కుంటూ వెళ్తే బాబాయ్ ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు తలుపు తీసిపెట్టి, తీగతాళ్ళకి గ్రీజు రాస్తున్నాడు. సైరన్ గర్వంగా ఫోను ముందు పెట్టాడు.

బాబాయ్ గ్రీజు చెయ్యి తుడుచుకుని, స్పానరు అందుకుని, పాట మొదలైన వేగానికి తలుపు చట్రం మీద టక్కు టక్కుమని కొట్టడం మొదలెట్టాడు. కాసేపు రెండూ కలిసే నడిచాయి. తర్వాత పాట కాస్త ముందుకు జరిగింది. తర్వాత ఇంకాస్త. చివరికి వచ్చేసరికి పాట ఎక్కడో, స్పానరు ఎక్కడో. ఆయన చెయ్యి మాత్రం మొదటి వేగం వదల్లేదు.

సైరన్ ఫోను ఆపేశాడు.

బాబాయ్ మళ్ళీ పెట్టమన్నాడు. ఈసారి కళ్ళు మూసుకుని విన్నాడు. సైరన్ వరసని కాదు. వెనకున్న ఛక్కుల్ని.

"ఈ వెనకున్నదెవరు?"

"మా వదిన. ఆవిడకి వాయించడం రాదు బాబాయ్. ఊరికే వెనక పట్టుకుంటుంది."

పెద్దాయన స్పానరు కింద పెట్టాడు.

"నువ్వు పడ్డ ప్రతిచోటా ఆవిడ ముందే పరుపు పరిచింది నాయనా," అన్నాడు. "నువ్వు నేల మీద పడ్డావన్న సంగతే నీకు తెలీలేదు. నలభయ్యేళ్ళుగా వాయిస్తున్నాను. ఇలా పరవడం నాకు చేతకాదు."

*

కోర్టులో సాక్షి బోనులో ఒక లారీ క్లీనరు ఉన్నాడు. భయంతో మాటలు కక్కుతున్నాడు. ఒక వాక్యం మింగేస్తాడు, రెండు వాక్యాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. మధ్యలో లాయరు అడ్డం పడతాడు, ఇంకో లాయరు ఆ అడ్డానికి అడ్డం పడతాడు. జడ్జిగారి బల్లకి దిగువన వదిన తలొంచుకుని కూచుంది. పెన్ను కదులుతూనే ఉంది. క్లీనరు పరిగెత్తితే పరిగెత్తింది. నీళ్ళు నమిలితే కాగితానికి వెంట్రుకవాసి ఎత్తులో ఆగింది. అతను మళ్ళీ నోరు తెరవగానే, మొదటి అక్షరంతో పాటే దిగింది. ఎవరినీ ఆగమన్లేదు. ఏమన్నారని అడగలేదు.

బాబాయ్ దగ్గర్నుంచి నేరుగా వచ్చిన సైరన్ వెనక బెంచీ మీద కూచుని చూశాడు. ఏళ్ళ తరబడి ఒకే ఇంట్లో ఉన్నాడు. ఆవిడ పని ఏమిటో ఇప్పుడే మొదటిసారి చూశాడు. అందరూ సైరన్ వేగం, వేగం అంటారు. తన వేగం తనిష్టం. ఈవిడది ఎవరి వేగమైతే వాళ్ళ వేగం. అది ఇంకెంత కష్టం.

మధ్యాహ్నం విరామంలో వరండాలో పట్టుకుని, తాను తొందరపడుతున్న సంగతి ఎందుకు చెప్పలేదని నిలదీశాడు. నిలదీస్తూంటే ఏడుపొచ్చేలా ఉంది.

వదిన క్యారియర్ మూత తీస్తున్నదల్లా ఆగింది. నిజంగానే ఆశ్చర్యపోయింది.

"అది తప్పని నాకేం తెలుసు బాబూ? సాక్షి తొందరపడుతుంటే ఆగమనడం నా పని కాదు. ఎలా చెబితే అలా అందుకోవడమే. నువ్వూ అలాగే వాయించాలేమో అనుకున్నా. దారివ్వడం నీకలవాటే కదా అని మాట్లాడలేదు."

"దారి ఇవ్వడం కాదు వదినా. తీసుకోవడం."

"ఆ, అదే."

ఇద్దరికీ నవ్వొచ్చింది. అంతలోనే సైరన్ మొహం మళ్ళీ వాడిపోయింది. ఇంకొక్క ఆదివారం గడువిచ్చాడు బాబాయ్. అప్పటికి కుదరకపోతే కుర్చీ చేజారినట్టే. వదిన అన్నం కలుపుతూ కాసేపు ఆలోచించింది. రేపట్నుంచి నేను నీ వెంట రాను, రాయిలా కూచుంటాను, నువ్వే నాతో రావాలంది.

చెప్పినంత తేలిక కాలేదు. ఇతను ముందుకు జరిగితే ఆవిడ చెయ్యి అలవాటుగా వెంట జరిగిపోయేది. తిట్టుకుని మళ్ళీ మొదలెట్టేవాళ్ళు. చివరికి వదిన గోడవైపు తిరిగి, వీపు ఇతనికి పెట్టి కూచుంది. అన్నయ్య కాఫీ కోసం వచ్చి ఆ దృశ్యం చూసి, మీరిద్దరూ మాట్లాడుకోవట్లేదా, ఆస్తి పంపకాలేమైనా వచ్చాయా అని అడిగాడు.

గోడకి తిరిగిన వదిన నిజంగానే రాయి. సైరన్ ఆ రాయికి కొట్టుకున్నాడు, పడ్డాడు, లేచాడు. అంత వేగం ఉన్నవాడు పసిపిల్లాడిలా ఒక్కో అడుగూ పెట్టాల్సొచ్చింది. మొదటిరోజు బాంజో కిందపెట్టి, ఇక నా వల్ల కాదన్నాడు. వదిన తిరగలేదు. గోడ వంక చూస్తూనే ఛక్, ఛక్ మని కొడుతూ పోయింది. ఊరికే వినడానికి సిగ్గేసి మళ్ళీ అందుకున్నాడు. వారం చివరికి ఒక పాట, నిదానంగా, ఆ రాయికి అంటుకుని చివరిదాకా వచ్చింది.

సైరన్‌కి ప్రాణం లేచొచ్చింది. ఆదివారం వదినని కూడా రమ్మన్నాడు. బాబాయ్ చూడాలంటున్నాడని చెప్పాడు కాని, అసలు సంగతి ఆవిడ కంటికి కనిపిస్తే ధైర్యమని.

*

టైర్ల షాపు మేడ మీద వదినని బయటి వరసలో, గోడ పక్కన కూచోబెట్టారు. ఆవిడ ఒళ్ళో పాత బాంజో, వెనక తువ్వాలు. అక్కడ బయటి వరసవాళ్ళు వాయించొచ్చు కాని లోపలివాళ్ళకి వినపడకూడదు.

సైరన్ కుర్చీలో కూచుని, చెమట పట్టిన అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. పాట ఎత్తుకున్నారు. ఈసారి తొందరపడలేదు. మనసులో గోడని నిలబెట్టుకున్నాడు. మొదటి చరణం, మాండలిన్ వంతు, తన వంతు. పడలేదు. చివరి మెట్టు దిగి వెనకపాటులోకి వచ్చేసరికి బాబాయ్ తల ఊపుతున్నాడు. కుర్చీ తనదేనని సైరన్ గుండె ఒక్కసారి గంతేసింది.

అప్పుడు జరిగింది.

తర్వాతి చరణానికి టైర్ల షాపాయనకి దగ్గొచ్చింది. రబ్బరు పొడి పీల్చిన దగ్గు, ఒక పట్టాన వదలదు. ఆయన చెయ్యి గిటారు మీద ఆడుతూనే ఉంది, గొంతు మాత్రం లేదు. పాడాల్సిన చోటు వచ్చింది, దాటింది. అలాంటప్పుడు వెనకవాళ్ళు మొదటి పట్టు మీదే ఉండి ఆయన గొంతు కోసం ఎదురుచూడాలి. సైరన్ చూడలేదు. వారమంతా రాయిని అంటిపెట్టుకుని ఉన్నవాడు, ఇప్పుడు తానే రాయి అయిపోయాడు. పద్ధతి ప్రకారం రెండో పట్టుకి మారాడు, తర్వాత మూడోదానికి. లెక్కంతా సరిగ్గానే ఉంది. టైర్ల షాపాయన దగ్గు దిగమింగి చరణం మొదటి మాట పాడేసరికి, ఆ మాట కింద ఉండాల్సిన పట్టు లేదు. ఆయన స్వరం గాల్లో వేలాడింది. కళ్ళలో కంగారు. మాండలిన్ ఎటు పోవాలో తెలియక తడబడింది.

గోడ పక్కనుంచి ఛక్ మంది.

మెత్తగా, తువ్వాలు వెనకనుంచి. మొదటి పట్టు. వదిన అక్కణ్ణుంచి కదల్లేదు. ఆయన దగ్గుతున్నంతసేపూ అక్కడే ఉండి, దీపం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డట్టు నిలబడింది. ఆవిడ తీగల వంక చూడట్లేదు. షాపాయన పెదాల వంక చూస్తోంది. ఆయన రెండో మాట అందుకున్నాడు. ఛక్కు ఆ మాటతో పాటే దిగింది. ఫిడేలు అటు తిరిగింది. మాండలిన్ అటు తిరిగింది. రెండు అడుగుల్లో పాట మొత్తం గోడ పక్కకి జరిగి, అక్కణ్ణుంచి మళ్ళీ నడవడం మొదలెట్టింది.

సైరన్ చేతులు తీగల మీంచి వాటంతటవే లేచాయి. వాయించాల్సినవాడు కుర్చీలో కూచుని వింటున్నాడు. రోజూ పొద్దున్నే ఇదే ఛక్కు తన పాట వెనక మోగింది. ఇంత దగ్గరగా, ఇంత ఆలస్యంగా వింటున్నాడు. షాపాయన ఊపిరి పీల్చుకుంటే అది కూడా పీల్చుకుంటోంది. ఆయన ఒక మాటని ప్రేమగా సాగదీస్తే, ఆ మాట మీద తానూ ఒక రవ్వ ఆలస్యంగా దిగుతోంది. పక్కా సమయం, కాని బతికున్న మనిషి సమయం.

చరణం అయింది. పళ్ళ డాక్టరమ్మ అలవాటుగా బాంజో కుర్చీ వంక గడ్డం ఎత్తింది. అది అతని వంతు. కావాలంటే ఇప్పుడూ తీసుకోవచ్చు. ఆ వంతు బాగా వాయిస్తే మధ్యలో జరిగింది దగ్గు మీదకి పోతుంది. అతని వేళ్ళకి వరస సిద్ధంగా ఉంది.

సైరన్ తల అడ్డంగా ఊపాడు. వద్దు, నాది దాటెయ్యండి అనడానికి అక్కడ అదే గుర్తు. తర్వాత వెనక్కి తిరిగి గోడ వంక గడ్డం ఎత్తాడు.

వదిన గాభరాపడి తల అడ్డంగా ఊపింది. ఆవిడకి ఒక్క పాటా రాదు, ఎవరూ నేర్పలేదు. సైరన్ మళ్ళీ గడ్డం ఎత్తాడు. పాట ఎవరి కోసమూ ఆగదు, గుమ్మం దగ్గరికి వచ్చేస్తోంది. వదిన ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, వేళ్ళు ముందుకి జరిపి, మొదలుపెట్టింది.

అది మరిది వరసే. అతను రోజూ పొద్దున్నే వాయించేది, అతను కల్పించుకున్న చిన్న మెలికతో సహా. వేళ్ళు కొత్త, అక్కడక్కడా తీగ జారింది, ఒకచోట రెండు స్వరాలు ఎగిరిపోయాయి. కాని వింటూ రాసుకున్న మనిషి ఆవిడ. ఒక్క మలుపూ మరిచిపోలేదు. అతను పరిగెత్తి దాటేసే చోట ఆవిడ నడిచింది. ఆ నడకలో ఆ వరస ఎంత అందమైనదో, దాన్ని కట్టుకున్నవాడికే అప్పటిదాకా తెలియదు.

పాట ముగిసింది. షాపాయన మంచినీళ్ళు తాగి, వదినకి చేతులెత్తి దణ్ణం పెట్టాడు. బాబాయ్ నోరు విప్పబోయాడు. ఆ మాట ఆయన చేత చెప్పించడం సైరన్‌కి ఇష్టంలేకపోయింది. లేచి నిలబడ్డాడు.

"కుర్చీ వదినది బాబాయ్."

నా కుర్చీ అనుకుని కలలు కన్న కుర్చీ. అబద్ధం ఎందుకు, నొప్పిగానే ఉంది. అయినా మాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

వదిన మాత్రం లేవలేదు.

"నన్నడక్కుండానే ఇచ్చేస్తున్నావేంటయ్యా? నా ఆదివారాలు నీ అత్తగారి సొమ్మా?"

అందరూ నవ్వారు. వదిన నవ్వలేదు. తువ్వాలు తీసి మడతపెట్టి పక్కన పెట్టింది. కుర్చీ వంక చూసింది. ఇంట్లో ఏ వస్తువు కావాలన్నా, ముందు అందరికీ సరిపోయాక చూద్దాంలే అనే మనిషి. ఈసారి అనలేదు.

"నాకు కావాలి," అంది బాబాయ్‌తో, మెల్లగా, స్పష్టంగా. "ఇందాక ముందుకొచ్చినప్పుడు తెలిసింది. కావాలి. కాని వెనక మనిషి లేకుండా నేను వాయించలేను. బయటి వరసలో వీడు కూచోవాలి. అలాగైతేనే."

ఒకే పాటకి రెండు బాంజోలా అని పోస్ట్‌మాన్ గొణిగాడు. ఒకటి వినపడకపోతే ఒకటి కిందే లెక్కని పళ్ళ డాక్టరమ్మ తీర్పిచ్చింది. బాబాయ్ జేబులోంచి తన వేళ్ళ తొడుగులు మూడూ తీసి వదిన అరచేతిలో పెట్టాడు. ఆపరేషన్ అయ్యాక ఊరికే వినడానికి వస్తాను, నాకు మాత్రం టీ తప్పదన్నాడు.

సైరన్ తన బాంజో వదినకిచ్చి గోడ పక్క కుర్చీలోకి మారాడు. పాత బాంజో ఒళ్ళోకి తీసుకుని, తువ్వాలు వెనక డొల్లలో కూరాడు. వదిన లోపలి కుర్చీలో సర్దుకుని కూచుంది. అతనికి ఆవిడ వీపూ, కుడిచెయ్యీ కనిపిస్తున్నాయి.

షాపాయన ఇంకో పాట ఎత్తుకున్నాడు. వదిన వంతు వచ్చింది. ఆవిడ వాయిస్తూ వాయిస్తూ, మలుపులో ఒక స్వరం దగ్గర చిన్నగా ఆగింది. ఎందుకు ఆగిందో ఆవిడకే తెలియాలి. ఆవిడ మళ్ళీ కదలకముందే సైరన్ ఛక్కు పడిపోయింది. నాలుక కరుచుకున్నాడు.

తీగల మీంచి చూపు తీసేశాడు. ఆవిడ భుజం వంక చూశాడు. చెయ్యి కదలబోయే ముందు ఆ భుజం కాస్త లేస్తుంది. ఇన్నాళ్ళూ ఎదురుగా కూచున్నా ఎప్పుడూ చూడలేదు.

వరస తిరిగి అదే మలుపుకి వచ్చింది. వదిన మళ్ళీ ఆగింది. ఈసారి అతనూ ఆగాడు.